దేజప్ప బండి వెనక సీటు

దేజప్పది చెట్టు మీద ఒక స్వభావం, నేల మీద ఇంకో స్వభావం. వానాకాలంలో వక్కతోటలకు మందు కొట్టడం అతని పని. కాళ్ళకు తాడు బిగించి పైకి పోయాక, ఎక్కిన చెట్టును ఊపి పక్క చెట్టు తల అందుకుని దూకేటప్పుడు అతనికి ఎక్కడలేని నోరు లేస్తుంది. కింద గొట్టం అందించేవాళ్ళను పేరుపేరునా ఆటపట్టిస్తాడు. తోట యజమానిని కూడా వదలడు. దిగి తాడు విప్పాడంటే మాత్రం ఆ నోరంతా పైనే వదిలేసి వచ్చినట్టు ఉంటాడు. అడిగినదానికి సగం జవాబు, మిగతా సగం తల ఊపడం.

తల్లి పోయాక అతన్ని పెంచింది మేనమామ కొరగప్ప. మజల్పాడిలోని ఆ ఇంట్లో చాలాకాలం ఇద్దరు మగవాళ్ళే ఉన్నారు. పోయిన ఎండాకాలం దేజప్పకు పెళ్ళయి, వారిజ వచ్చింది. ఆమె చేతివంట రుచి ఇంకా పూర్తిగా అలవాటు కాకముందే ఆటి నెల వచ్చిపడింది.

ఆటి అంటే వాన తప్ప ఇంకేదీ మొదలుపెట్టని నెల. పెళ్ళి మాటలు ఉండవు, ఇంటికి పునాది తీయరు, కొత్త వస్తువు గడప దాటి లోపలికి రాదు. చనిపోయినవాళ్ళు మాత్రం వస్తారు. అమావాస్యనాడు ఎవరింటికి వాళ్ళు వచ్చి, మూసిన తలుపుల వెనక ఆకులో వడ్డించింది తిని పోతారు. పెళ్ళయిన మొదటి ఏడు ఆడపిల్లను ఆ నెల అత్తింట్లో ఉంచరు. వారిజ అన్న వచ్చి ఆమెను తీసుకుపోయాడు. ఆటి నిండి సోణ నెల మొదలవగానే మొగుడు వెళ్ళి తెచ్చుకోవాలి.

వెళుతూ వెళుతూ, గడప దగ్గర గొడుగు తెరుస్తూ వారిజ అంది:

“నన్ను తీసుకురావడానికి బస్సులో మాత్రం రాకు. ఆ కొండ మలుపుల్లో బస్సంటేనే నాకు వాంతులు. దారంతా సంచిలో తల పెట్టుకుని రావాలా అత్తింటికి?”

“మరి?” అన్నాడు దేజప్ప.

“మరేముంది, చెట్టు మీంచి చెట్టుకు దూకుతావుగా. కొండ మీంచి కొండకు దూకి రా.”

ఆమె నవ్వి వెళ్ళిపోయింది. దేజప్ప మాత్రం ఆ మాట పట్టుకుని కూర్చున్నాడు. వారిజ వెనక కూర్చుని ఉండగా బండి మీద ఊళ్ళోకి రావాలి. తోటల్లో పనిచేస్తున్నా, పడుకున్నా అతనికి అదే ధ్యాస. అడగ్గా అడగ్గా, కోడింబైలులో పూవక్క అనే ఆవిడ ఇంట్లో ఒక మోటారుసైకిలు ఏడాదిగా ఊరికే పడి ఉందని తెలిసింది.

“ఆటిలో బండా?” కొరగప్ప నోట్లో తాంబూలం ఆగిపోయింది. “బుద్ధుందా నీకు?”

“కొత్తది కాదుగా మామా. పాతదే.”

“నీకు కొత్తదే కదరా.”

“పాత వస్తువు చెయ్యి మారితే కొత్తదవుతుందా? మొన్న సంతలో నువ్వు కోడిపుంజును కొనలేదూ?”

“దాన్ని తిన్నాం. బండిని వండుకు తింటావా?”

“సోణ వచ్చాక కొంటే కాగితాలు ఎప్పుడు మారాలి, నేనెప్పుడు వెళ్ళాలి? అప్పటికి వారిజ పుట్టింట్లోనే ముసలిదైపోతుంది.”

నేల మీద ఉండగా మేనల్లుడు ఇన్ని మాటలు మాట్లాడటం కొరగప్ప ఎప్పుడూ చూడలేదు. ఆ ఆశ్చర్యంతోనే ఊరుకున్నాడు.

పూవక్క ఇల్లు లోయ అడుగున, తోటల మధ్య ఒంటరిగా ఉంది. ఆమె బీడీలు చుట్టుకుని బతుకుతుంది. ఒక్కడే కొడుకు, యతీశ. బండి అతనిదే. దేజప్ప వెళ్ళినప్పుడు ఆమె వసారాలో చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. కత్తెరతో ఆకు కత్తిరిస్తూనే గొడ్ల కొట్టం వైపు చూపించింది.

“బండి మీద పోలేదు వాడు, భయపడకు. జ్వరం. పోయిన సోణలో వచ్చింది, మందు పనిచేసేలోపే తీసుకుపోయింది.”

కొట్టంలో ఆవు లేదు. బండి ఒక్కటే ఉంది. టైర్లలో గాలి లేదుగానీ దాని మీద కాస్తంత దుమ్ము కూడా లేదు. అద్దాలు, టాంకు, వెనక సీటు తుడిచి తుడిచి నునుపు తేలి ఉన్నాయి.

“వెనక ఎవరు కూర్చుంటారు?” అడిగింది పూవక్క.

“మా ఆవిడ” అన్నాడు దేజప్ప సిగ్గుపడుతూ.

“మంచిది” అని ఆమె మళ్ళీ ఆకు కత్తిరించుకుంది.

కాగితాల పనికి పట్నంలో ఒక ఏజెంటు కుదిరాడు. బండిని వ్యానులో ఎక్కించుకుపోయి మెకానిక్కు చేత బాగు చేయించాడు. పూవక్క బస్సులో వెళ్ళి వారసురాలిగా పెట్టాల్సిన సంతకాలు ముందే పెట్టి వచ్చింది. ఇక మిగిలింది దేజప్ప వెళ్ళి బండి చూపించి, పేరు మార్పించుకుని తెచ్చుకోవడమే. ఆ రోజు అమావాస్యకు ముందురోజు. మర్నాడు సగం ఊళ్ళు పనులు మానేస్తాయి. ఆ రోజు కాకపోతే పని ఎంత వెనక్కి పోతుందో ఏజెంటు కూడా చెప్పలేనన్నాడు.

పట్నంలో వాన దంచుతోంది. రవాణా ఆఫీసులో కరెంటు లేదు. ఒక మనిషి వచ్చి బండి కింద వంగి, ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దుకుపోయాడు. తరవాత హాల్లో నిలబడటమే పని. తడి గొడుగుల వాసన, ముసురు చీకటి. కిటికీ దగ్గర మాత్రం ఒక ఎమర్జెన్సీ దీపం, దాని వెనక అటెండరు ఫైళ్ళ మీంచి పేర్లు చదువుతున్నాడు. పలికినవాళ్ళ ఫైలు పైకి పోతుంది. పలకనివాళ్ళది అడుగుకు పోతుంది. ఏజెంటు “ఇప్పుడే వస్తా” అని టీకి వెళ్ళి ఎంతకూ రాలేదు.

“యతీశ!” అన్నాడు అటెండరు.

దేజప్ప ఉలిక్కిపడ్డాడు. అది పాత ఫైలు, పాత పేరే దాని మీద ఉంటుంది. అంత మాత్రం అతనికి తెలుసు. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచాడు. అంతమంది ముందు ‘అతను చనిపోయాడు, నేను కొన్నవాణ్ణి’ అనే రెండు ముక్కలు గొంతు దాటి రాలేదు.

“కోడింబైలు యతీశ! ఉన్నాడా, లేడా?” అటెండరు ఫైలును అడుగున పెట్టబోయాడు.

“ఉన్నాను సార్!” అని చెయ్యెత్తాడు దేజప్ప.

బయట వాన ఒక్క క్షణం ఆగినట్టయింది. అటెండరు కళ్ళజోడు పైకి తోసుకుని దేజప్పను చూశాడు. ఆ చూపు అతని భుజం మీదుగా వెనక్కి పోయింది.

“ఓ, ఇద్దరూ వచ్చారా? మంచిదే. పక్కకు నిలబడండి, వెనకాయనకు దారిలేదు.”

దేజప్ప తిరిగి చూశాడు. వెనక గోడ ఉంది. గోడ పక్కన ఎవరూ లేరు. ఎవరినో చూసి పొరబడ్డాడులే అనుకున్నాడు. కాసేపటికి ఏజెంటు వచ్చాడు, సంతకాలు అయ్యాయి. “ఇక బండి నీ పేరు మీదే. కార్డు పోస్టులో వస్తుంది” అని తాళం చేతిలో పెట్టారు.

పట్నం దాటేదాకా దేజప్పకు ఆనందమే. నది మీద వంతెన దాటి కొండదారి ఎక్కడం మొదలుపెట్టాక, మొదటి మలుపులోనే బండి అతనికి తేడాగా తోచింది.

బండి వెనక మనిషిని కూర్చోబెట్టుకుని నడిపినవాడికి ఒక సంగతి తెలుస్తుంది. వెనకవాడికి బండి కొత్తయితే, మలుపు రాగానే భయపడి ఎదురువైపు బిగుసుకుంటాడు. బండి ఎరిగినవాడయితే ముందువాడితో కలిసి ఒరుగుతాడు, ఇద్దరూ ఒకే ఒళ్ళు అవుతారు. స్నేహితుల బండ్ల మీద దేజప్ప అది నేర్చుకున్నాడు. ఇప్పుడు అతను ఒరగకముందే బండి ఒరిగింది. మెత్తగా, ఎంత కావాలో అంతే. మలుపు పోయాక నిటారయింది. మళ్ళీ మలుపు, మళ్ళీ అంతే. ఈ దారి వెనకవాడికి తనకంటే బాగా తెలుసు.

దేజప్ప బండి ఆపాడు. ఆపి, దిగలేదు. దిగితే వెనక్కి చూడాలి. వాన హెల్మెట్ మీద టపటపా కొడుతోంది. చెయ్యి మెల్లిగా వెనక్కి పోనిచ్చి సీటును తాకబోయి, సగంలో వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ గేరు వేశాడు. కోడింబైలుకు చీలే దారి దగ్గర బండి ఒక పక్కకు లాగింది. అతను పళ్ళు బిగించి తిన్నగా తన ఊరివైపు పోనిచ్చాడు. వెనక బరువు అప్పటినుంచి కదలకుండా, అలిగిన మనిషిలా కూర్చుంది.

దీపాలవేళకు ఇల్లు చేరాడు. కొరగప్ప వసారాలోంచి లేచి వచ్చి, మాట్లాడకుండా బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ముంగిట్లో వాన కురుస్తూనే ఉంది. టాంకు మీంచి, హ్యాండిలు మీంచి నీళ్ళు ధారకట్టి కారుతున్నాయి. వెనక సీటు పొడిగా ఉంది. మనిషి కూర్చుంటే ఎంత మేర కప్పుతాడో అంత మేర.

కొరగప్ప దాని మీద అరచెయ్యి పెట్టి, చప్పున తీసేశాడు.

“వెచ్చగా ఉంది” అన్నాడు. “ఆఫీసులో ఏం చేశావురా?”

దేజప్ప చెప్పాడు. చెట్టు మీద చెప్పినట్టు కాదు, ముక్కలు ముక్కలుగా. పేరు పిలవడం దగ్గరికి వచ్చేసరికి కొరగప్ప కళ్ళు మూసుకున్నాడు.

“ఈ నెలలో వాళ్ళ పేరు ఇంటివాళ్ళే పిలవాలి, ఇంట్లోనే పిలవాలి. వాళ్ళే పలకాలి. ఊరుకాని ఊళ్ళో ఎవడో పిలిచాడు, నువ్వు పలికావు. వాడు లేచి వచ్చాడు. వచ్చి చూస్తే తన బండి. ఎక్కాడు.”

“ఇప్పుడెట్లా మామా?”

“రేపు వాళ్ళమ్మ ఆకు వేస్తుంది. వాడు పోయాక మొదటి ఆటి. వాడు ఇక్కడ నీ వెనక కూర్చుంటే అక్కడ ఆకు వేసింది వేసినట్టే ఉంటుంది. ఇంట్లో తిననివాడు మళ్ళీ ఆటి దాకా దిగడు.”

“మరి వారిజ?”

“టాంకు మీద కూర్చోబెట్టుకో” అన్నాడు కొరగప్ప. హాస్యానికే అన్నాడుగానీ ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు.

బండిని కొట్టంలోకి తోయడానికి దేజప్పకు చేతులు రాలేదు. ముంగిట్లోనే వదిలేశాడు. అన్నం తింటున్నప్పుడు కొరగప్ప లేచి వెళ్ళి, వసారా చివర ఒక పీట వేసి వచ్చాడు. ఎందుకని దేజప్ప అడగలేదు.

తెల్లారాక, ఆటి అమావాస్యనాడు అందరూ తాగే చేదు బెరడు కషాయం ఇద్దరూ కళ్ళు మూసుకుని మింగారు. అప్పుడే వారిజ ఫోను చేసింది.

“కొన్నావంటగా! అన్న చెప్పాడు. వెనక సీటు మెత్తగా ఉందా?”

దేజప్ప ముంగిట్లోకి చూశాడు. రాత్రంతా కురిసింది. సీటు అలాగే పొడిగా ఉంది.

“ఉంది” అన్నాడు.

“ఏంటా గొంతు? కషాయం తాగావా? నేను కూడా తాగాను, ఛీ. సోణ మొదటిరోజే వచ్చెయ్యి. వదినలందరికీ చెప్పేశాను బండి మీద పోతానని. పరువు తీయకు.”

“వస్తా” అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి అతనికి ఎంత కష్టమయిందో ఆమెకు తెలియలేదు.

పొద్దు వాలాక బయలుదేరాడు. తోడు రమ్మని మామను అడిగాడు.

“ఎక్కడ కూర్చోనురా? వాడి ఒళ్ళోనా?” అన్నాడు కొరగప్ప. తరవాత దగ్గరికి వచ్చి, దేజప్ప భుజం తట్టి, అతని వెనక ఉన్న గాలితో మెత్తగా అన్నాడు. “నాయనా, మా వాడు మాటకారి కాదు. నువ్వే సర్దుకుని దిగిపో.”

చీలే దారి దగ్గర ఈసారి బండి సంతోషంగా ఒరిగింది. లోయలోకి దిగే ఎర్రమట్టి దారంతా దేజప్ప నడిపాడో, బండే పోయిందో అతనికి తెలియదు. పూవక్క ఇంటి ముంగిట్లో ఇంజను ఆపాడు. ఆపినా దిగలేదు. బండిని రెండు కాళ్ళ మధ్య నిటారుగా పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

పూవక్క చేతిలో గరిటెతో బయటికి వచ్చింది. తలుపు సందులోంచి కోడికూర వాసన, నీరుదోశెల వాసన. వెనక గదిలో పీట ముందు అరిటాకు పరిచి ఉంది. ఆకు పక్కన ఒక సిగరెట్టు పెట్టి ఉంది.

“ఏమయ్యా, బండి బాగాలేదా?”

“బాగుంది అక్కా.” దేజప్ప హ్యాండిలు బిగించి పట్టుకున్నాడు. చెట్టు మీద ఉన్నాననుకుని ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. “ఆఫీసులో మీవాడి పేరు పిలిచారు. ఫైలు పోతుందని నేను పలికాను. అప్పట్నించీ నా వెనక కూర్చుని ఉన్నాడు. తీసుకొచ్చాను.”

ఆమె గరిటె కింద పెట్టలేదు, అరవలేదు. ముంగిట్లోకి దిగి, సీటు వైపు కాదు, సీటు కన్నా కొంచెం పైకి, మనిషి ముఖం ఎక్కడుంటుందో అక్కడికి చూసింది.

“భుజం పట్టుకున్నాడా నిన్ను?”

“లేదు. పట్టుకోలేదు.”

“పట్టుకోడు. ఎన్ని తిట్లు తిట్టానో. రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని కూర్చుంటాడు, దొరగారిలా.” ఆమె కొట్టం వైపు తిరిగింది. “నిన్నట్నించి ఇల్లు బోసిగా ఉందేమిటా అనుకుంటున్నా. ఏడాదంతా పెరట్లో, కొట్టంలో అలికిడి ఉండేది. ఇప్పుడు లేదు.”

వాన సన్నబడింది.

“నీతోనే ఉండనీ” అంది పూవక్క ఉన్నట్టుండి. “వాడికి తిరగడం ఇష్టం. ఇక్కడ ఏముంది, నేనూ, బీడీలూ. నువ్వు తోటలన్నీ తిరుగుతావు. వాడికి పొద్దుపోతుంది.”

ఆమెను కాదనడానికి దేజప్పకు నోరు రాదు. ఒప్పుకుంటే ఈ జన్మకు వారిజ వెనక కూర్చోదు.

“అక్కా,” అన్నాడు నేల చూస్తూ, “అది నా భార్య కూర్చునే చోటు. ఇంకా ఒక్కసారి కూడా కూర్చోలేదు ఆమె.”

పూవక్క అప్పుడు నవ్విన నవ్వు దేజప్ప ఎప్పటికీ మరిచిపోలేదు. ఏడుపు కన్నా భయంగా ఉంది ఆ నవ్వు.

“విన్నావురా? ఆడమనిషి సీట్లో కూర్చున్నావు. నీకు పెళ్ళి చేయలేకపోయాను, నిజమే. ఇంకొకడి కాపురం మీద కూర్చుంటావా? యతీశా! దిగు. రా నాయనా, అన్నం చల్లారిపోతోంది.”

కిర్రుమని వెనక స్ప్రింగులు లేచాయి. దేజప్ప కాళ్ళ మధ్య బండి గడ్డిపరకలా తేలికయిపోయింది. పొడిగా ఉన్న సీటు మీద చినుకులు ఒక్కటొక్కటే పడి నిలిచాయి. పూవక్క ఎవరికో దారి ఇస్తున్నట్టు గడప దగ్గర పక్కకు జరిగింది. లోపల ఆకు మీద కూర, దోశెలు వడ్డించి, దీపం పెట్టి, బయటికి వచ్చి తలుపు మూసింది. వసారాలో ఇద్దరూ గోడకు ఆనుకుని కూర్చున్నారు. తినేటప్పుడు మాట్లాడకూడదు. లోపల పీట కొంచెం జరిగిన చప్పుడు అయింది. పూవక్క చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

కాసేపటికి ఆమె దేజప్ప చెయ్యి పట్టుకుని లేపింది. చెవిలో గుసగుసగా అంది:

“ఇప్పుడే పో. వాడు తినడంలో ఉన్నాడు. స్టార్టు చెయ్యకు. ఎంత నిద్రలో ఉన్నా ఆ ఇంజను చప్పుడు వింటే లేచి పరిగెత్తుకు వచ్చేవాడు.”

దేజప్ప హ్యాండిలు పట్టుకుని తోయడం మొదలుపెట్టాడు. ఎర్రమట్టి దారి నిటారుగా ఎక్కుతుంది, కింద బురద. సగం దూరంలో చక్రం జారి బండి ఆగిపోయింది. అప్పుడు వెనకనుంచి ఒక తోపు వచ్చింది. తిరిగి చూస్తే పూవక్క. చీర మోకాళ్ళ దాకా ఎత్తి దోపుకుని, రెండు చేతులూ వెనక సీటుకు ఆనించి, తల వంచి తోస్తోంది. ఆయాసపడుతోందిగానీ నోట్లోంచి చప్పుడు రానీయడం లేదు. కొడుకు అన్నం తింటుండగా తల్లి అతని బండిని ఇంటికి దూరంగా, ఒక్కొక్క అడుగే, కొండ మీదకు నెట్టుకొచ్చింది.

పైన తారురోడ్డు తగిలింది. ఆమె సీటు మీంచి చేతులు తీసింది. తీయడానికి కొంచెం సేపు పట్టింది.

“ఆ మలుపు దాటేదాకా ఇట్లాగే నడిపించుకుపో. తరవాత నీ ఇష్టం” అంది. “నేను పోవాలి. తినడం అయిపోతే తలుపు నేనే తీయాలి. లేకపోతే ఎవరూ లేరనుకుంటాడు.”

ఆమె జారుతూ, గొడుగు లేకుండా, లోయలో వెలుగుతున్న ఆ ఒక్క దీపం వైపు పరిగెత్తింది. దేజప్ప మలుపు దాటాడు. దాటాక కూడా చాలా దూరం స్టార్టు చేయలేదు. బండిని పక్కన నడిపించుకుంటూ, వెనక అడుగుల చప్పుడు వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించి, వానలో ఒంటరిగా నడిచాడు.